జూన్ 12 దగ్గర పడింది: వేసవి సెలవుల నుంచి పిల్లల్ని మళ్ళీ బడి వేళలకు తేవడం ఎలా?

పెన్నాతీరం | జూన్ 1, ఉదయం 9:20

అందరికీ నమస్కారం. బాబు నాలుగో తరగతికి, పాప ఎల్‌కేజీకి వెళ్తారు. ఇద్దరూ రాత్రి పన్నెండుకి పడుకుని పొద్దున తొమ్మిదికి లేస్తున్నారు. 12న బడి తెరుస్తారు, వ్యాను 7:40కి వస్తుంది. నిద్ర, ఫోను, తిండి, రాత అన్నీ గాడి తప్పాయి. ఏది ముందు పట్టుకోవాలి, ఏది తర్వాత? కాస్త లెక్కతో సహా చెప్తే మేలు.

వేపచెట్టు (పిల్లల డాక్టరు) | జూన్ 1, ఉదయం 10:05

అన్నీ ఒకేసారి మీదేసుకోకండి. ముందు లేచే సమయం ఒక్కటీ పట్టుకోండి. ఆకలి, రాత్రి నిద్ర, చిరాకు తగ్గడం అన్నీ దాని వెనకే సర్దుకుంటాయి.

వ్యాను 7:40కి అన్నారు. బాత్రూము, స్నానం, టిఫిను, బట్టలు, బూట్లు కలిపి గంటంపావు. బెల్టు కనబడకపోవడం లాంటి వాటికి ఇంకో పది నిమిషాలు వేసుకోండి. అంటే 6:15కి లేవాలి. ఇప్పుడు లేస్తున్నది తొమ్మిదికి. తేడా 165 నిమిషాలు, చేతిలో ఉన్నవి పదకొండు రోజులు. రోజుకో పావుగంట ముందుకి జరిపితే సరిగ్గా సరిపోతుంది. రేపు 8:45, ఎల్లుండి 8:30, జూన్ 7న 7:30, 12న 6:15.

చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. "ఇవాళ్టి నుంచి ఎనిమిదిన్నరకే పడుకోవాలి" అని లైటు ఆర్పేస్తారు. పన్నెండుకి నిద్రపోయే అలవాటున్న పిల్లాడికి తొమ్మిదీ పదీ మధ్య మెదడు మాంచి హుషారు మీద ఉంటుంది. మామూలుగా నిద్రపోయే వేళకి ముందు రెండు మూడు గంటలు శరీరంలోని గడియారమే నిద్రని రానివ్వదు. దాంతో పక్కలో దొర్లడం, నీళ్ళు కావాలనడం, బాత్రూము, ఏడుపు, చివరికి అరుపులు. నాలుగు రాత్రులు ఇలా గడిస్తే పక్క ఎక్కడమంటేనే గొడవ అని వాడి మనసులో పడిపోతుంది. అదే పొద్దున పావుగంట ముందు లేపితే ఆ మేరకి నిద్ర బాకీ పడుతుంది. రెండు మూడు రోజుల్లో రాత్రి నిద్ర తనంతట తనే ముందుకొస్తుంది. కళ్ళు నలుపుకోవడం, ఊరికే పేచీ పెట్టడం కనిపించిన వేళ చూసుకుని అప్పటి నుంచి పడుకోబెట్టే సమయాన్ని కూడా పావుగంట చొప్పున ముందుకి తెండి.

లేచిన పది నిమిషాల్లో పిల్లాడు బయటి వెలుతురులో ఉండాలి. మేడ మీదో, వాకిట్లోనో, బాల్కనీలోనో ఓ 20–30 నిమిషాలు. పాలు అక్కడే తాగనివ్వండి. ఇంట్లో ట్యూబులైటు ఆ పని చేయదు. మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట వెలుతురు గదిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. రాత్రి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎనిమిది దాటాక హాల్లో పెద్ద లైట్లు ఆపేసి ఓ చిన్న బల్బుతో గడపండి.

ఎంత నిద్ర కావాలంటే, 3–5 ఏళ్ళ వాళ్ళకి పగటి కునుకుతో కలిపి 10–13 గంటలు, 6–12 ఏళ్ళకి 9–12, 13–18 ఏళ్ళకి 8–10. మీ బాబు రాత్రి 9:15 దాటకుండా పడుకోవాలి, 8:45 అయితే ఇంకా మంచిది. పాప మధ్యాహ్నం గంట పడుకుంటే రాత్రి 8:30 చాలు. బాబుకి మాత్రం పగటి నిద్ర అరగంట మించనివ్వకండి, అదీ మూడు లోపే. ఎండకి రెండింటి నుంచి ఐదింటి దాకా పడుకున్న పిల్లాడు రాత్రి పదింటికి నిద్రపోవడం అయ్యే పని కాదు.

గుమ్మడిపువ్వు | జూన్ 1, ఉదయం 11:40

డాక్టరుగారు చెప్పింది నిజం, కానీ ఇప్పుడు నడుస్తున్నది రోహిణి కార్తె. పైఅంతస్తు ఇళ్ళల్లో స్లాబు పగలంతా వేడి పీల్చి రాత్రి పన్నెండు దాకా గదిలోకి వదులుతూ ఉంటుంది. వాళ్ళు నిద్రపోకపోవడానికి అలవాటు సగం కారణమైతే ఉక్క సగం. ఇంటి సంగతి కూడా చూడాలి.

సాయంత్రం ఆరింటికి, ఎండ వాలాక మేడ తడపండి. మూడింటికి పోసిన నీళ్ళు పావుగంటలో ఆవిరైపోతాయి, లాభం ఉండదు. తడిపిన గోనెసంచులు పరిస్తే చల్లదనం ఎక్కువసేపు నిలుస్తుంది. వీలుంటే మేడకి సున్నం రెండు పూతలు వేయించండి, ఖర్చు తక్కువ, వానలు గట్టిగా పడేదాకా పనికొస్తుంది. కూలరు పెట్టేవాళ్ళు ఎదుటి కిటికీ ఒకటి కచ్చితంగా తెరవాలి. అన్నీ మూసేస్తే గదంతా తేమ పట్టి, చెమట ఆరక పిల్లలు మరింత కస్సుబుస్సులాడతారు.

పడుకోవడానికి ముప్పావుగంట ముందు గోరువెచ్చటి నీళ్ళతో స్నానం చేయించండి. మరీ చల్లటి నీళ్ళు వద్దు, హుషారెక్కుతుంది. గోరువెచ్చటి నీళ్ళయితే చర్మం నుంచి వేడి బయటికి పోయి ఒళ్ళు చల్లబడుతుంది, నిద్ర రావడానికి అదే కావాలి.

పెన్నాతీరం | జూన్ 2, ఉదయం 9:10

8:45కి లేపాను. బాబు లేచి కూర్చున్నాడు, నేను వంటింట్లోకి వెళ్ళగానే మళ్ళీ పడుకున్నాడు. పాప అసలు కళ్ళే తెరవలేదు. లేపడానికి కూడా పద్ధతి ఉందా?

రంగుల బలపం (ఎల్‌కేజీ, యూకేజీ టీచరు) | జూన్ 2, ఉదయం 10:30

ఉందండి. వంటింట్లోంచి పేరు పెట్టి పదిసార్లు పిలవడం దండగ. ఆ పిలుపుని పట్టించుకోకపోవడం వాళ్ళకి అలవాటైపోతుంది. ఏసీ ఉంటే లేపడానికి పది నిమిషాల ముందు ఆపేయండి. కర్టెన్లు పూర్తిగా తీయండి. ఫ్యాను రెండు పాయింట్లు తగ్గించండి. తర్వాత పక్కన కూర్చుని వీపు రాస్తూ, ఒకే మాట మెల్లిగా చెప్పండి. పాప కూర్చోగానే చేతికి నీళ్ళ గ్లాసు ఇచ్చి, చెయ్యి పట్టుకుని గదిలోంచి బయటికి తీసుకురండి. పక్క మీద కూర్చోబెట్టి వదిలేస్తే మళ్ళీ ఒరిగిపోతుంది. పక్క ఎత్తేయడం, దుప్పటి మడతపెట్టడం బాబుకి అప్పజెప్పండి, మళ్ళీ పడుకోవడానికి చోటు ఉండదు.

లేవగానే ఫోను చూపించి లేపడం మాత్రం చేయకండి. రెండు రోజులు చకచకా పని చేస్తుంది. మూడో రోజు ఫోను తీసుకునేటప్పుడు ఏడుపు మొదలవుతుంది, ఆ ఏడుపులోనే వ్యాను వస్తుంది.

సైకిల్‌బెల్లు | జూన్ 2, రాత్రి 8:15

ఫోను మాట వచ్చింది కాబట్టి. పూర్తిగా లాగేసుకోవడం కన్నా, ఎప్పుడు చూడొచ్చో ఆ వేళని మార్చడం మీద దృష్టి పెట్టండి. రోజుకి నాలుగు గంటలు చూస్తున్న పిల్లాడికి మొదటి మూడు రోజులు నాలుగు గంటలే ఉంచి, రాత్రి ఎనిమిది తర్వాతది మాత్రం తీసేయండి. తర్వాత రోజుకి అరగంట చొప్పున తగ్గించండి. బడి తెరిచే నాటికి సాయంత్రం ఒక్క అరగంటో ముప్పావుగంటో మిగులుతుంది, అది బడి రోజుల్లో కూడా కొనసాగించొచ్చు.

ఏది చూస్తున్నారన్నది కూడా చూడండి. షార్ట్స్ అనే చిన్న వీడియోలకి అంతు లేదు, కాబట్టి ఆపే చోటూ ఉండదు. ఒక ఎపిసోడు అనుకోండి, అయిపోయిందని పిల్లాడికే తెలుస్తుంది. ఆటోప్లే ఆపేసి, టీవీలో పెద్ద తెర మీద ఒక ఎపిసోడు పెట్టండి. ఆపే ఐదు నిమిషాల ముందు ఒకసారి చెప్పండి. ఆపాక ఏం చేయాలో ముందే సిద్ధంగా ఉండాలి: క్యారమ్స్, అష్టాచెమ్మా, కింద సైకిలు, బొమ్మలకి రంగులు. ఖాళీగా వదిలితే మళ్ళీ ఫోను కోసమే వస్తారు.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫ్యామిలీ లింక్ యాప్ పెట్టుకుంటే, అందులో డౌన్‌టైమ్ అనే సెట్టింగుతో రాత్రి ఎనిమిదికి ఫోను దానంతటదే లాకవుతుంది. అమ్మా నాన్నా లాక్కోవడం కన్నా గడియారం ప్రకారం ఆగిపోవడం పిల్లలు తేలిగ్గా ఒప్పుకుంటారు. ఛార్జర్లన్నీ హాల్లోకి మార్చండి, పెద్దవాళ్ళవి కూడా. పక్కన అమ్మ ఫోను చూస్తూ పిల్లని కళ్ళు మూసుకోమంటే వినదు.

నల్లబల్ల (ప్రాథమిక పాఠశాల టీచరు) | జూన్ 3, సాయంత్రం 6:50

చదువు సంగతి చెప్తాను. ఏడు వారాల సెలవుల్లో చదవడం పెద్దగా పోదు. పోయేవి లెక్కల్లోని మెట్లు, స్పెల్లింగులు, రాసే వేగం. అందుకని పుస్తకాలన్నీ తిరగేయించకండి. రోజుకి రెండు విడతలు, ఒక్కోటి పావుగంట. ఉదయం టిఫిను తర్వాత లెక్కలు, సాయంత్రం రాత.

నాలుగుకి వెళ్ళే పిల్లాడికి ముందు ఈ ఒక్క లెక్క ఇవ్వండి: 52 – 27. సెలవుల తర్వాత చాలామంది 35 అని రాస్తారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేసి ఐదు వేస్తారు, ఐదులోంచి రెండు తీసి మూడు వేస్తారు. అజాగ్రత్త అనుకుని కసరకండి, పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలన్న నియమం వాడికి గట్టిగా గుర్తుంది, అప్పు తెచ్చుకునే మెట్టు ఒక్కటే జారిపోయింది. "పక్కనుంచి అప్పు తీసుకో" అని మళ్ళీ మళ్ళీ చెప్తే లాభం లేదు. చీపురు పుల్లలు చిన్న ముక్కలుగా విరిచి, పదేసి చొప్పున ఐదు కట్టలు రబ్బరు బ్యాండు వేసి, విడిగా రెండు పుల్లలు పెట్టండి. ఇరవై ఏడు తీయమనండి. ఏడు విడి పుల్లలు లేవు కదా, ఒక కట్ట విప్పక తప్పదని వాడికే తడుతుంది. విప్పితే విడివి పన్నెండు, కట్టలు నాలుగు. ఏడు తీస్తే ఐదు, రెండు కట్టలు తీస్తే రెండు. ఇరవై ఐదు. పుల్లలతో మూడు లెక్కలు, తర్వాత పుల్లలు చూస్తూ కాగితం మీద మూడు, ఆ పైన కాగితం ఒక్కటే. రెండు రోజుల్లో తిరిగొస్తుంది.

ఎక్కాలు మొదటి నుంచి అప్పజెప్పించకండి. మొదట్నుంచీ అయితే పాటలా అనేస్తారు, 7×8 ఎంతంటే తడుముకుంటారు. మధ్యలోంచి అడగండి. ఐదు సెకన్లలో రాని వాటిని మాత్రం చీటీల మీద రాసి తలుపుకి అంటించండి. సాధారణంగా 6, 7, 8 ఎక్కాల్లో ఓ పదీ పన్నెండు మిగులుతాయి, అంతే.

రాతకి మొదటి రోజు ఐదు లైన్లు చాలు. రెండు నెలలు పెన్సిలు పట్టని వేళ్ళు త్వరగా అలిసిపోతాయి. మొదటి రోజే రెండు పేజీలు రాయిస్తే పెన్సిలు గట్టిగా నొక్కడం, అక్షరాలు గీత దాటడం మొదలవుతుంది, ఆ అలవాటు బడిలోకి కూడా వస్తుంది. రోజుకి రెండు లైన్లు పెంచండి. తెలుగులో వత్తులు, గుణింతాలు చూసుకోండి. "వాక్యం, పుస్తకం, ప్రశ్న, ఉత్తరం, కష్టం, విద్యార్థి" లాంటివి ఆరు చెప్పి రాయిస్తే ఏ వత్తు పోయిందో తేలిపోతుంది.

హాలిడే హోంవర్కు మిగిలి ఉంటే 9వ తేదీ లోపు ముగించండి. చివరి రెండు రాత్రులు కూర్చోబెట్టి రాయిస్తే ఇక్కడ అందరూ కష్టపడి సర్దుతున్న నిద్ర మళ్ళీ మొదటికొస్తుంది. ఎక్కువ మిగిలితే సగం చేసి, మిగతాది ఎందుకు కాలేదో డైరీలో రెండు వాక్యాలు రాసి పంపండి. కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానంలో రెండో తరగతి దాకా హోంవర్కే వద్దన్నారు, మూడు నుంచి ఐదు తరగతులకి వారానికి రెండు గంటలు మించొద్దన్నారు.

పెన్నాతీరం | జూన్ 4, ఉదయం 8:55

నల్లబల్ల మేడమ్, 52 – 27కి మావాడు అచ్చం 35 అనే రాశాడు. ఇవాళ పుల్లలు కట్టిస్తున్నాను. లేవడం 8:15కి వచ్చింది. తిండి విషయం ఎవరైనా చెప్తారా? టిఫిను పదిన్నరకి తినే అలవాటైంది, పొద్దున్నే ఏమీ దిగడం లేదు.

గుమ్మడిపువ్వు | జూన్ 4, ఉదయం 11:15

లేచే వేళతో పాటు టిఫిను వేళ కూడా జరపండి, లేచిన ముప్పావుగంటకి పళ్ళెం ముందుండాలి. మొదట్లో సగం ఇడ్లీ తిన్నా ఫరవాలేదు. రాత్రి భోజనం పదింటికి తింటే పొద్దున ఆకలి ఎక్కడి నుంచి వస్తుంది? దాన్ని ఏడున్నరకి తెండి. మామిడిపళ్ళ కాలం కదా, పడుకునే ముందు పళ్ళూ పాలూ కాకుండా వాటిని సాయంత్రం నాలుగింటికి పెట్టండి.

డబ్బా సాధన చేయించాలి, ఇది చాలామంది చేయరు. బడిలో తినడానికి దొరికేది ఇరవై నిమిషాలు, అందులో చేతులు కడుక్కునే వరస ఒకటి. ఇంట్లో మూడు రోజులు మధ్యాహ్నం భోజనం అదే డబ్బాలో, అదే చెంచాతో, కింద కూర్చుని తిననివ్వండి, గడియారం పెట్టండి. పాప మూత తనే తీయగలదా చూడండి. కొత్త స్టీలు డబ్బాల క్లిప్పులు పెద్దవాళ్ళ వేళ్ళకే గట్టిగా ఉంటాయి. తిరిగొచ్చిన డబ్బా నిండుగా ఉంటే కూర నచ్చలేదని అనుకుంటాం, మూత రాలేదని ఎవరూ అనుకోరు. అన్నం ముందే కలిపి పెట్టండి, ముక్కలు చిన్నవి చేయండి.

వేపచెట్టు | జూన్ 4, మధ్యాహ్నం 2:30

దీనికి ఒకటి కలుపుతాను. జూన్, జులై నెలల్లో కడుపునొప్పి అని వచ్చే బడి పిల్లల్లో చాలామందికి అసలు సమస్య మలబద్ధకం. బడిలో బాత్రూముకి వెళ్ళడం ఇష్టంలేక బిగబట్టుకుంటారు, నీళ్ళూ తక్కువ తాగుతారు. బిగబట్టిన కొద్దీ గట్టిపడుతుంది, గట్టిపడితే నొప్పి, నొప్పికి భయపడి మళ్ళీ బిగబట్టడం.

ఇంట్లోనే అలవాటు చేయండి. ఏదైనా తిన్న తర్వాత పేగుల్లో కదలిక మొదలవుతుంది, కాబట్టి టిఫినైన పావుగంటకి ఐదు నుంచి పది నిమిషాలు కూర్చోబెట్టండి, వచ్చినా రాకపోయినా. వెస్టర్న్ కమోడైతే కాళ్ళ కింద పీట వేయండి, పాదాలు గాల్లో వేలాడితే ముక్కడానికి బలం రాదు. నేను మొదట లెక్క కట్టిన గంటంపావులో ఈ పది నిమిషాలు కూడా ఉన్నాయి.

ఇక పొద్దున్నే కడుపునొప్పి గురించి. బడి ఉన్న రోజునే వచ్చి, బొడ్డు చుట్టూ ఉండి, వ్యాను వెళ్ళిపోగానే తగ్గితే అది చాలావరకు బెంగ. నాటకం అనుకోవద్దు, నొప్పి వాళ్ళకి నిజంగానే ఉంటుంది. దగ్గరికి తీసుకుని, "నొప్పిగా ఉందని తెలుసు, అయినా బడికి వెళ్దాం" అని పంపండి. జ్వరం, వాంతులు, మలంలో నెత్తురు, బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, బొడ్డుకి దూరంగా ఒకేచోట ఉండే నొప్పి, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి.

రంగుల బలపం | జూన్ 5, సాయంత్రం 5:40

ఎల్‌కేజీ పాప గురించి. మొదటి వారం ఏడుస్తుంది, ఏడవనివ్వండి. చాలామంది పిల్లలకి రెండు వారాల్లో తగ్గిపోతుంది. తగ్గడం ఆలస్యమయ్యేది ఎక్కువగా గేటు దగ్గర పెద్దవాళ్ళు చేసే పనుల వల్ల.

చెప్పకుండా జారుకోవద్దు. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ లేదంటే, రేపటి నుంచి కొంగు అసలు వదలదు. అలాగని పది నిమిషాలు గేటు దగ్గర బుజ్జగించడం కూడా వద్దు, ఆ పది నిమిషాలూ ఏడుపు పెరుగుతూనే ఉంటుంది. ముద్దు, టాటా, "భోజనం అయ్యి, పడుకుని లేచాక వస్తాను" అన్న ఒకే మాట, ఆపై వెనక్కి తిరగకుండా నడవండి. గంటలు, నిమిషాలు ఆ వయసుకి తెలియవు, ఏ పని తర్వాత వస్తారో చెప్తేనే అర్థమవుతుంది. చెప్పిన వేళకి కచ్చితంగా వెళ్ళండి, మొదటి వారం పది నిమిషాలు ముందే నిలబడండి.

ఇంట్లో ఎవరూ "అల్లరి చేస్తే టీచరుకి చెప్తా, బడికి పంపేస్తా" అని బెదిరించొద్దు. అమ్మమ్మలు, తాతయ్యలు ప్రేమతోనే అంటారు, కానీ మా దగ్గరికొచ్చే భయం సగం అక్కడే పుడుతుంది. 12వ తేదీలోపు రెండుసార్లు బడి గేటు దాకా నడిపించి తీసుకెళ్ళండి. బ్యాగు జిప్పు తీయడం, చెప్పులు వేసుకోవడం, బాత్రూముకి వెళ్ళాలని నోరు తెరిచి అడగడం, ఈ మూడూ ఏబీసీడీల కన్నా ముందు రావాలి.

కొండగోగు | జూన్ 6, ఉదయం 6:30

చిన్నపిల్లల సంగతి బానే ఉంది. పదో తరగతికి వచ్చిన వాళ్ళని తెల్లారగట్ల నాలుగింటికి లేపి చదివించడం మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. బడి తెరవక ముందే అది అలవాటు చేస్తే మంచిది కదా?

వేపచెట్టు | జూన్ 6, ఉదయం 9:00

రాత్రి ఎనిమిదికి పడుకుంటే నాలుగింటికి లేపండి, అభ్యంతరం లేదు. కానీ ట్యూషన్ నుంచి ఇంటికొచ్చేసరికే ఎనిమిదిన్నర, భోజనం చేసి పడుకునేసరికి పదిన్నర. నాలుగింటికి లేపితే ఐదున్నర గంటల నిద్ర. ఆ వయసుకి కావలసింది ఎనిమిది నుంచి పది. పైగా యుక్తవయసులో నిద్ర వచ్చే వేళ సహజంగానే ఆలస్యమవుతుంది, అది బద్ధకం కాదు. తెల్లవారుజామున కోసేస్తున్నది కలలు వచ్చే నిద్ర, చదివింది మనసులో సర్దుకోవడానికి అది కూడా అవసరమే. పుస్తకం ముందు కూర్చుంటారు, కళ్ళు తెరిచే ఉంటాయి, లోపలికి ఏమీ వెళ్ళదు.

నల్లబల్ల | జూన్ 6, సాయంత్రం 7:10

తరగతిలో అది కనిపిస్తుంది కొండగోగు గారూ. మధ్యాహ్నం మొదటి పీరియడులో తల వాల్చేవాళ్ళు ఎక్కువగా నాలుగింటికి లేచినవాళ్ళే. తెల్లవారి చదువే కావాలంటే ఐదున్నరకి లేపి ఆరున్నర దాకా ఒక గంట, రాత్రి తొమ్మిదిన్నరకి పక్క ఎక్కాలి. ఆ గంటలో కొత్త పాఠం వద్దు, ముందు రోజు చెప్పినదాన్ని పుస్తకం మూసి కాగితం మీద రాయడం పెట్టండి.

మానేరుగట్టు (గురుకుల హాస్టల్ వార్డెన్) | జూన్ 7, రాత్రి 9:20

ఇంట్లో ఉండే పిల్లల గురించి చెప్పిన్రు, గురుకులాలకు తిరిగొచ్చే పిల్లల ముచ్చట వేరే ఉంటది. అయిదో తరగతిల కొత్తగ చేరేటోళ్ళకైతే ఇంకా కష్టం. హాస్టల్ల ఐదింటికి గంట కొడ్తరు. ఇంటికాడ ఎనిమిదింటికి లేచినోళ్ళు మొదటి వారం ప్రార్థనలనే కూలబడ్తరు. కనీసం ఐదు రోజుల ముందు నుంచి ఐదున్నరకు లేపుండ్రి.

తల్లిదండ్రులు చేసే పెద్ద పొరపాటు, "నచ్చకపోతే ఫోను చెయ్యి బిడ్డా, వచ్చి తీస్కపోత" అనుడు. పిల్ల మనసు ఆ మాట మీదనే ఉంటది, దోస్తులను చేస్కోదు. "ఫలానా ఆదివారం వస్త" అని తారీఖు చెప్పుండ్రి, ఆ తారీఖుకు రాండ్రి. రోజూ ఫోన్లు చేస్తే రోజూ ఏడుస్తరు, సాధారణంగ సాయంత్రం వేళనే బెంగ ఎక్కువ. ఫోను పొద్దటి పూట పెట్టుకోండ్రి.

పెట్టె సర్దేటప్పుడు పిల్లనే సర్దనియ్యుండ్రి, ఏది యాడ ఉందో తనకు తెల్వాలె. గ్లాసు, పళ్ళెం, బకెట్, చెప్పులు, లోపలి బట్టలు అన్నిటి మీద పేరు రాయాలె. బట్టలు ఉతుక్కునుడు, జడ వేస్కునుడు ఇంట్లనే వారం రోజులు చేయించుండ్రి. తలల పేలు చూస్కొని పంపుండ్రి. సెలవులల్ల పిల్లలందరు ఒక్కతాన పండుకుంటరు, ఒక్కరికుంటే అందరికి వస్తయి. తల తడిపి కండిషనర్ పెట్టి, సన్నపండ్ల దువ్వెనతోని పాయ పాయ తీసి దువ్వాలె. మూడు రోజులకొకసారి చొప్పున రెండు వారాలు దువ్వితేనే ఈపులతోని (పేల గుడ్లతోని) పోతయి.

డల్లాస్‌గోదావరి | జూన్ 8, ఉదయం 7:45

మా దగ్గర బడులు తెరిచేది ఆగస్టులో. వేసవికి ఇండియా వచ్చి తిరిగెళ్ళే కుటుంబాలకి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. వేసవిలో హైదరాబాదుకీ డల్లాస్‌కీ తేడా పదిన్నర గంటలు. శరీరం రోజుకి సుమారు గంట చొప్పునే సర్దుకుంటుంది. బడికి రెండు రోజుల ముందు దిగితే మొదటి వారమంతా పిల్లలు క్లాసులో నిద్రపోతారు, పది రోజులు ముందుగా దిగేలా టికెట్లు చూసుకోండి.

పడమటికి వెళ్ళినప్పుడు పిల్లలు సాయంత్రం ఐదింటికే వాలిపోయి రాత్రి రెండింటికి లేస్తారు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా బయట పార్కులో ఉంచండి, అక్కడ ఆ వేళకి ఇంకా వెలుతురు ఉంటుంది. రాత్రి లేస్తే లైటు వేయకండి, టీవీ పెట్టకండి. ఆకలంటే చిన్న అరటిపండు ఇచ్చి మళ్ళీ చీకట్లోనే పడుకోబెట్టండి. అప్పుడు పూర్తి భోజనం పెడితే రోజూ ఆ వేళకే లేస్తారు.

సైకిల్‌బెల్లు | జూన్ 8, రాత్రి 8:40

బ్యాగు, బూట్లు ఇప్పుడే చూసుకోండి, 11 రాత్రి కాదు. పాత బూట్లు వేయించి నిలబెట్టి, పొడుగు వేలి ముందు మీ చేతి బొటనవేలి వెడల్పంత చోటు ఉందో లేదో నొక్కి చూడండి. కొత్తవైతే మేజోళ్ళతో ఇంట్లోనే రోజుకి గంట చొప్పున మూడు రోజులు తొడగనివ్వండి, లేకపోతే మొదటి రోజే మడమ కొట్టుకుపోతుంది.

బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదు. బ్యాగు తగిలించి కాటా మీద నిలబెట్టి, పిల్లాడి బరువు తీసేయండి. 26 కిలోల పిల్లాడికి 2.6 కిలోలే. నల్లబల్ల గారు చెప్పిన 2020 స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారమైతే మూడు నుంచి ఐదు తరగతులకి 1.7 నుంచి 2.5 కిలోలు. లీటరు సీసా నిండా నీళ్ళు పోస్తే అదే ఒక కిలో, బడిలో మంచినీళ్ళు బాగుంటే సగమే నింపండి. బ్యాగు రాత్రి భోజనం ముందే సర్దాలి, టైంటేబుల్ చూసి పిల్లాడే సర్దాలి, మీరు సరిచూస్తే చాలు. యూనిఫాం, బెల్టు, మేజోళ్ళు, ఐడీ కార్డు ఒకే కుర్చీ మీద ఉండాలి.

చింతచిగురు | జూన్ 9, మధ్యాహ్నం 1:05

ఇవాళే ఈ చర్చ చూశాను. మా ఐదో తరగతి పాప ఇంకా ఎనిమిదిన్నరకే లేస్తోంది. ఆరున్నరకి లేవాలి. మూడు రోజులే ఉన్నాయి, ఇప్పుడు ఏమన్నా చేయొచ్చా?

వేపచెట్టు | జూన్ 9, మధ్యాహ్నం 3:20

చేయొచ్చు. పావుగంట పద్ధతికి టైము లేదు, మెట్లు పెద్దవి వేయండి. రేపు 7:45, ఎల్లుండి 7:00, 12న 6:30. ఈ మూడు రోజులూ పగటి నిద్ర పూర్తిగా బందు. లేవగానే అరగంట ఆరుబయట, సాయంత్రం బాగా అలిసేలా గంట ఆట, ఏడుకి భోజనం, ఎనిమిదికి లైట్లు తగ్గించడం. టీ, కాఫీ, కూల్‌డ్రింకులు మధ్యాహ్నం తర్వాత వద్దు. మొదటి రోజు కొంచెం చిరాకుగా ఉంటుంది, ఆ రోజు చదువు గురించి ఏమీ అడక్కండి.

11 రాత్రి నిద్ర పట్టకపోతే కంగారు పడకండి, కొత్త తరగతి హుషారుకి చాలామందికి పట్టదు. పడుకోమని వెంటపడకుండా మసక వెలుతురులో కథల పుస్తకం ఇచ్చి వదిలేయండి. 12న ఎట్టి పరిస్థితుల్లోనూ 6:30కే లేపండి. ఆ రాత్రి ఎనిమిదిన్నరకే నిద్ర వచ్చేస్తుంది.

పెన్నాతీరం | జూన్ 9, రాత్రి 9:30

7:00కి వచ్చాం. పాప రాత్రి తొమ్మిదికే నిద్రపోతోంది. చివరి ప్రశ్న, బడి తెరిచాక మొదటి ఆదివారం ఏం చేయాలి? ఇంట్లో అందరూ ఆ రోజైనా పడుకోనివ్వమంటున్నారు.

వేపచెట్టు | జూన్ 9, రాత్రి 10:10

7:15 దాకా పడుకోనివ్వండి, అంతే. బడి రోజుల 6:15 మీద గంట మించితే ఆదివారం రాత్రి నిద్ర పట్టదు, సోమవారం పొద్దున మళ్ళీ మొదటికొస్తారు. బడి తెరిచిన మొదటి మూడు వారాలు ఇది పాటించండి. మరీ అలిసిపోయి ఉంటే మధ్యాహ్నం భోజనం కాగానే అరగంట కునుకు తీయనివ్వండి. శనివారం రాత్రి పెళ్ళికో ఫంక్షనుకో వెళ్ళి పదకొండుకి వచ్చినా సరే, ఆదివారం లేచే వేళ మాత్రం 7:15 దాటనివ్వకండి.